సిగ్గుగోడ మీది రేడియోలు

ఓగలాలా, నెబ్రాస్కా
అక్టోబరు 11, 2016

ఆర్డిత్ అక్కకి,

లారీవాళ్ళతో మాట్లాడుకునే నీ పాత ప్రెయిరీ కింగ్ రేడియో నా బల్ల మీద పొట్ట విప్పుకుని పడుకుంది. ఛానెల్ తిప్పే చక్రం అరిగిపోయింది. లారీ ఎక్కిన రోజు నుంచి ముప్పై ఆరేళ్ళు తిప్పావు, అరగక చస్తుందా? ఆ భాగాన్ని ఇప్పుడు ఎవడూ తయారు చెయ్యడం లేదు. ఎక్కడైనా అదే వయసు శవం దొరికితే అందులోంచి పీకి పెడతాను. అందాకా వాడుకోమని ఈ పెట్టెలో కొత్తది పంపుతున్నాను. ఇదీ ప్రెయిరీ కింగే. అదే కిరీటం బొమ్మ, అదే ఎర్ర దీపం. పైన పటారం, లోన లొటారం.

నమ్మవని తెలుసు, అందుకే తూచాను. పక్క హోటల్లో వంట చేసే ఎమ్మెట్ దగ్గర మాంసం తూచే కాటా ఉంది. దాని మీద నీ పాతది ఐదున్నర పౌన్లు తూగింది. కొత్తది రెండు. "పోన్లే లోవెల్, తెలివి మీరి తేలిగ్గా చేశారేమో" అన్నాడు ఎమ్మెట్. విప్పి చూపించాను. ఆ రెండు పౌన్లలో అరపౌను ఒక ఇనప ముక్క. ఏ తీగకీ తగలదు, ఏ పనీ చెయ్యదు. అడుగున బంకతో అంటించారు, కొనేవాడు చేత్తో పట్టుకుని "ఆహా, గట్టి సరుకు" అనుకోవడానికి. ఎమ్మెట్ ఇరవై ఏళ్ళుగా హాంబర్గర్‌లో బ్రెడ్డు పొడి కలుపుతున్న మనిషి. వాడికే సిగ్గేసింది.

మైకు తగిలించే కొక్కెం ప్లాస్టిక్. తీగ దారమంత ఉంది. లోపలి భాగాలు ఆవగింజలంత ఉన్నాయి, కళ్ళజోడు మీద కళ్ళజోడు పెట్టుకుంటే గాని కనబడవు. అయినా నువ్వు భయపడకు, నా చెయ్యి పడింది కదా. కంపెనీవాడు ప్రభుత్వం వారి లెక్క ప్రకారం నాలుగు వాట్లు ఇచ్చి పంపాడు. నేను లోపలున్న ప్రతి స్క్రూనీ చివరికంటా తిప్పి, గొంతు పెరగకుండా కళ్ళెం వేసే భాగాన్ని కత్తిరించి పారేశాను. నలభై ఏళ్ళుగా ఏ రేడియో వచ్చినా చేస్తున్న వైద్యమే. ఇప్పుడది పద్నాలుగు వాట్లు. నువ్వు వయోమింగ్‌లో తుమ్మితే యూటాలో చిరంజీవ అంటారు.

ఫోన్ చెయ్యలేదేమని మొదలెట్టకు. ఫోన్లో మనం మూడు నిమిషాలు దాటి మాట్లాడుకున్నది లేదు, నాలుగో నిమిషంలో ఎవరో ఒకరం పెట్టేస్తాం. ఉత్తరమైతే నీ తిట్లు చేరేసరికి నా కోపం చల్లారి ఉంటుంది.

నీ తమ్ముడు
లోవెల్

పెట్టె అడుగున ఉన్నవి ప్లమ్ పండ్ల కోలాచీ బన్నులు. బేకరీవి. నేను చెయ్యలేదు, ధైర్యంగా తిను.


రాలిన్స్, వయోమింగ్
నవంబరు 6

ఒరేయ్ లోవెల్,

రేడియో అందింది. కోలాచీలు కూడా అందాయి, రాయిలా. ఒకటి చక్రం కింద పెట్టి లారీ జారకుండా ఆపాను.

రేడియో మాత్రం అదిరింది. నిన్న గోతాం గాడు నలభై మైళ్ళ అవతలి నుంచి "పులిసినపిండీ, కాస్త మెల్లగా అఘోరించు, చెవుల్లో రక్తం కారుతోంది" అన్నాడు. ఛానెల్లో వాడి పేరు అదే, గోతాం. అసలు పేరు వాళ్ళమ్మకైనా గుర్తుందో లేదో. నన్ను ముప్పై ఆరేళ్ళుగా పులిసినపిండి అంటున్నారు, నాకూ నా పేరు గుర్తు లేదనుకో.

ఒక్క మాట. కాసేపు మాట్లాడితే పెట్టె పెనంలా కాలుతోంది. చలికాలం కాబట్టి తడిసిన చేతి తొడుగులు దాని మీద ఆరేసుకుంటున్నాను. కొత్తవన్నీ ఇలాగే కాలతాయా? పాతదానికి ఇంత జ్వరం ఎప్పుడూ రాలేదు.

నీ సిగ్గుగోడ సంగతి గోతాం చెప్పాడు. చచ్చిన ప్రతి కొత్త రేడియోనీ నీ షాపు గోడకి మేకులు కొట్టి, కింద చచ్చిన తారీఖు రాసి వేలాడదీస్తున్నావట. లోపలికి రాగానే నూటికి పైగా శవాలు పళ్ళికిలిస్తాయట. నీ పెళ్ళాం నిన్నెందుకు వదిలేసిపోయిందో నాకు ఇన్నాళ్ళకి తెలిసింది. మనిషివా, కాటికాపరివా?

మోకాలు నొప్పి అలాగే ఉంది. బీట్‌రూట్ తినమని నువ్వు రాయకు, తినను.

నీ అక్క
ఆర్డిత్


ఓగలాలా
డిసెంబరు 4

అక్కా,

నవ్వుకో. ఆ శవాలే నన్ను బతికించబోతున్నాయి.

నీకు చెప్పకుండా దాచిన సంగతి ఒకటి ఉంది. ఈ ట్రక్ స్టాప్ చూసుకునే రొవీనా నాకు నోటీసిచ్చింది. మార్చి ముప్పై ఒకటికి నా షాపు ఉన్న ట్రెయిలర్ బండి ఇక్కణ్ణుంచి లేచిపోవాలట. ఈ జాగాలో ఫోన్ తొడుగులు అమ్మే కొట్టు పెడతారట. "ఈ కాలంలో రేడియో ఎవడు కొంటాడు లోవెల్, అందరి చేతుల్లో ఫోన్లున్నాయి" అంది. "ఎల్క్ మౌంటెన్ మీద మంచు తుఫానులో నీ ఫోనుకి సిగ్నల్ వస్తుందా తల్లీ?" అన్నాను. "నాకు తెలీదు, నేనెప్పుడూ ఆ దిక్కుమాలిన కొండెక్కలేదు" అంది. ఇరవై ఏడేళ్ళుగా ఉన్న చోటు అక్కా. నాకు నిద్ర పట్టడం లేదు.

ఇప్పుడు మంచి వార్త. ప్రెయిరీ కింగ్ వాళ్ళకి నేను రాసిన ఎనిమిదో ఉత్తరానికి జవాబు వచ్చింది. మొదటి ఏడింటికీ ఏమీ రాలేదు. ఎనిమిదో దాంట్లో, "మీ రేడియోలు నూటపన్నెండు నా గోడ మీద ఉన్నాయి, ఫోటో తీసి ప్రతి ట్రక్ స్టాప్‌లోనూ అంటిస్తాను" అని రాశాను. కదిలారు. ఫిబ్రవరి ఇరవై రెండున ఫెన్‌స్కీ అనే ఇంజనీరుని పంపుతున్నారు. నేను చెప్పింది నిజమని తేలితే మూడు రాష్ట్రాలకి కంపెనీ తరపు మరమ్మతు కేంద్రం అని నాకు బోర్డు ఇస్తారు. బోర్డు ఉంటే జాగా ఉంచుతానని రొవీనా ఒప్పుకుంది.

నువ్వు నాకొక సాక్ష్యం రాసి పంపాలి. డ్రైవర్‌గా ముప్పై ఆరేళ్ళ అనుభవం, పాత రేడియో ఎలా ఉండేది, కొత్తది ఎంత చెత్త. తిట్లు లేకుండా రాయి, చదివేది కోటు వేసుకున్నవాడు.

చెత్త అని ఊరికే అనడం లేదు. నేను స్వయంగా విప్పి, సరిచేసి, చేతికిచ్చినవి ఒకదాని వెనక ఒకటి చచ్చి వస్తున్నాయి. ఎమ్మెట్ తన కారుకి ఒకటి కొన్నాడు. "నాకు పద్నాలుగు వాట్లు దేనికి, మా ఆవిడ మాటే వినలేకపోతున్నాను" అని నన్ను మూత కూడా తియ్యనివ్వలేదు. వాడిది రెండేళ్ళుగా పనిచేస్తోంది. అదృష్టం అంటే పిసినారి వెధవలదే.

లోవెల్


లారమీ, వయోమింగ్
జనవరి 14, 2017

లోవెల్,

ఉత్తరం అందింది. నా పాత రేడియో ఎంతవరకు వచ్చింది? అవకపోతే అలాగే, విప్పి ఉన్నది ఉన్నట్టే పంపెయ్. ఇక్కడ ఎవరితోనైనా చూపించుకుంటాను.

కొత్తది బాగానే ఉంది.

లారీకి ముందువైపు చిన్న పని పడి వర్క్‌షాపులో ఉంది. రాయి తగిలింది. సాక్ష్యం సంగతి తర్వాత చూద్దాం.

ఆర్డిత్


ఓగలాలా
జనవరి 27

అక్కా,

రాయి తగిలిందా? ఎల్క్ మౌంటెన్ అంత రాయా?

నిన్న గోతాం వచ్చాడు. వాడి లారీ ముందు భాగం సగం లేదు. లోపలికొచ్చి నా గోడ వైపు చూశాడు, నా వైపు చూశాడు. "మీ అక్క పక్కటెముకలు ఎలా ఉన్నాయి?" అన్నాడు. నేను వెర్రిమొహం వేశాను. ఈ జనవరి తొమ్మిదిన ఎల్క్ మౌంటెన్ మీద తుఫానులో నువ్వు గుంటలో పడ్డావనీ, నీ రేడియో దారిలో చచ్చిపోయిందనీ, నీ వెనకే వస్తున్న తను నీ లారీని రాసుకుంటూ పోయి ఆగాననీ చెప్పాడు. ఆ మాటలు నేను బయటివాడి నోట వినాలా? రెండు ఎముకలు విరగ్గొట్టుకుని "బాగానే ఉంది" అని రాస్తావా? నీ పొగరు తగలెయ్య.

ఆ కంపెనీవాళ్ళు నా అక్కని చంపబోయారు. అరపౌను ఇనుము పెట్టడానికి డబ్బులున్నాయి గాని, ఒక తుఫాను తట్టుకునే రేడియో కట్టడానికి లేవు వాళ్ళకి. నేను గోడ నడిమధ్యలో పెద్ద జాగా ఖాళీ చేశాను. నీ రేడియో అక్కడ వేలాడాలి. కింద నీ పేరు, మైలు రాయి అంకె, తారీఖు రాస్తాను. ఫెన్‌స్కీ లోపలికి రాగానే మొదట అదే కనబడాలి. ఇక మాట్లాడమను చూస్తాను.

వెంటనే పంపు. సాక్ష్యం కూడా. ఈసారి తిట్లతోనే రాయి.

లోవెల్


లారమీ
ఫిబ్రవరి 5

ఒరేయ్ తమ్ముడూ,

రేడియో ఈ పెట్టెలోనే ఉంది. విప్పే ముందు కూర్చో. కూర్చున్నావా? కుర్చీలో, బల్ల మీద కాదు.

ఆ రోజు గాలికి మంచు అడ్డంగా వస్తోంది. నా లారీ ముక్కు నాకే కనబడటం లేదు. అలాంటప్పుడు మాకు ఛానెల్ పంతొమ్మిదే కళ్ళు. ముందున్నవాడు చూసింది చెబుతాడు, విన్నవాడు వెనకవాడికి అందిస్తాడు, ఆ వెనకవాడు ఇంకా వెనక్కి. అందించకపోతే వాణ్ణి మళ్ళీ ఏ ట్రక్ స్టాప్‌లోనూ పలకరించరు. "రెండొందల యాభై అయిదో మైలు దగ్గర రెండు లారీలు అడ్డం తిరిగాయి, ఎడమ వైపు దారుంది" అని విన్నాను. మైకు నొక్కి వెనక్కి చెప్పడం మొదలుపెట్టాను. ఒకసారి చెప్పాను, రెండోసారి చెప్పాను. మూడోసారి సగంలో కాలిన వాసన వచ్చింది, ఎర్ర దీపం ఆరిపోయింది. ఆ తర్వాత ముందువాళ్ళు "ఎడమ దారి కూడా మూసుకుపోయింది" అని అరిచారట. నేను వినలేదు. నేను వినలేదు కాబట్టి గోతాం కూడా వినలేదు, వాడికి నేనే అందించాలి కదా. నేను ఎడమ వైపే వెళ్ళాను. ముందు ఆగిన లారీల ఎర్ర లైట్లు కనబడేసరికి గుంట ఒక్కటే దిక్కు. ఎవరూ చావలేదు. చచ్చేవాళ్ళమే.

ఇంతవరకు గోతాం చెప్పే ఉంటాడు. వాడికి తెలియనిది ఇప్పుడు చెబుతాను.

ఇక్కడ మారిసెలా అని ఒకావిడ రేడియోలు బాగు చేస్తుంది. నలభై అయిదేళ్ళుంటాయి, నీ కంటే తక్కువ మాట్లాడుతుంది, ఎవరైనా అంతేలే. మూత తీసింది, అర నిమిషం చూసింది. "ఎవరు దీన్ని పిండింది?" అని అడిగింది. కంపెనీవాళ్ళు చెత్తగా కట్టారటగా అన్నాను. "చెత్తగానే కట్టారు. కానీ నాలుగు వాట్లకి కట్టిన చెత్త ఇది, పద్నాలుగుకి కాదు" అంది.

నేను ఊరుకుంటానా? దెబ్బలాడాను. నా తమ్ముడు నలభై ఏళ్ళ నుంచి ఇదే చేస్తున్నాడు, పాతవి ఒక్కటీ చావలేదు అన్నాను. ఆమె అదే రకం రేడియోలు కొత్తవి రెండు తీసింది. ఒకటి ముట్టుకోలేదు. రెండో దానికి నువ్వు చేసినట్టే స్క్రూలన్నీ చివరికంటా తిప్పి, కళ్ళెం కత్తిరించింది. రెండిటి మైకు బటన్లకీ నొక్కి ఉండేలా రబ్బరు బ్యాండ్లు చుట్టి బల్ల మీద పెట్టింది. నాకు కాఫీ ఇచ్చింది. కాఫీ చల్లారకముందే రెండోది పొగ వదిలింది. దాని చివరి ట్రాన్సిస్టర్ కాలి, పక్కనున్న కరెంటు దారిని కూడా కాల్చేసింది, నా దాంట్లో కాలినట్టే. మొదటిది నేను ఇంటికి బయలుదేరేదాకా పనిచేస్తూనే ఉంది.

పాత రేడియోలకి ఒంట్లో కండ ఉండేదిరా. నువ్వు ఎంత పిండినా ఓర్చుకున్నాయి. వీటికి లేదు. అది కట్టినవాళ్ళ తప్పే, నేను కాదనను. కానీ కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, చంపింది నీ చెయ్యి. నువ్వు ముట్టని ఎమ్మెట్ రేడియో రెండేళ్ళు బతికిందని నువ్వే రాశావు. రాసినవాడివి ఒక్క క్షణం ఆగి ఎందుకో ఆలోచించావా? గురివింద గింజకి తన నలుపు తెలియదు.

నెల రోజులు ఎందుకు దాచానో కూడా చెబుతాను. నువ్వు చేసిన పనికి నాకు కోపం లేదు. తెలిసి చేసింది కాదు. నీకు చెబితే ఒప్పుకోవేమోనని భయం. ఒప్పుకోకపోతే నువ్వంటే నాకు గౌరవం పోతుంది, ఉన్నదే తమ్ముడొక్కడివి.

సాక్ష్యాలు రెండు రాశాను, రెండూ పెట్టెలో ఉన్నాయి. ఒకదాంట్లో నువ్వడిగిందే ఉంది. రెండో దాంట్లో పైన రాసినదంతా ఉంది. మారిసెలా ఎవరికీ చెప్పదు. ఇంజనీరుకి నా రేడియో చూపించకపోతే సరిపోతుంది. నీ షాపు, నీ బోర్డు. నేను ఇంకేం అనను.

ఆర్డిత్


ఓగలాలా
ఫిబ్రవరి 12

ఆర్డిత్‌కి,

పెట్టె అందింది.

రబ్బరు బ్యాండు చుట్టి గంటసేపు మాట్లాడే డ్రైవర్ ఎవడూ లేడు, నువ్వు తప్ప. అది పరీక్ష కాదు, హత్య. ఆ లారమీ ఆవిడకి నేను రేడియో విప్పడం మొదలుపెట్టేనాటికి పాలపళ్ళు ఊడి ఉండవు. ఆడలేక మద్దెల ఓడంటున్నానా నేను? నలభై ఏళ్ళలో నా గురించి ఈ మాట అన్నది నువ్వొక్కదానివే.

నీ పాత రేడియో ఇంకా కాలేదు. ఎముకలు జాగ్రత్త.

లోవెల్


ఓగలాలా
ఫిబ్రవరి 27

అక్కా,

పోయిన ఉత్తరం పొయ్యిలో పెట్టు. పెట్టి ఉంటే మంచిది.

ఆ ఉత్తరం పోస్టులో వేసి వచ్చి, నీ మీద కోపంతోనే గోడ మీది రేడియో ఒకటి దించి విప్పాను. నువ్వు తప్పని రుజువు చెయ్యాలి కదా. చివరి ట్రాన్సిస్టర్ కాలింది, పక్క దారి కూడా కాలింది. ఇంకొకటి విప్పాను. అదే. నాలుగోది విప్పేసరికి కోపం పోయింది. వారం రోజులు షాపు మూసి నూటపన్నెండూ విప్పాను. డెబ్భై ఒకటి నేను చంపినవి. మిగిలిన నలభై ఒకటి నిజంగానే కంపెనీవాడి చావులు, ఊడిన అతుకులు, విరిగిన కొక్కేలు, దారంలా తెగిన తీగలు. ప్రతి దాని కిందా తారీఖు నా చేత్తో రాసిందే. మొదటి దాని తారీఖు ఆరేళ్ళ నాటిది. ఆరేళ్ళపాటు రోజూ ఆ గోడ ముందు నిలబడి ఇంకొకణ్ణి తిట్టాను అక్కా. ఒక్కటంటే ఒక్కటి విప్పి చూడలేదు. చచ్చిందా, మేకు కొట్టు.

తప్పు నాది. నీ పక్కటెముకలు నా వల్ల విరిగాయి. ఈ వాక్యం మూడుసార్లు రాసి కొట్టేశాను, ఇది నాలుగోది.

గోడని రెండు భాగాలు చేశాను. చిన్న భాగం మీద ప్రెయిరీ కింగ్ అని రాశాను, పెద్ద భాగం మీద లోవెల్ నొవాట్నీ అని రాశాను. నీ రేడియో నా భాగంలో మధ్యలో ఉంది.

ఫెన్‌స్కీ ఇరవై రెండున వచ్చాడు. కోటు లేదు, స్వెట్టరే. డోనట్లు తెచ్చాడు. గోడ మీద రాసింది చదివాడు.

"ఉత్తరంలో నూటపన్నెండూ మావే అని రాశారు?"

"రాశాను. నలభై ఒకటే మీవి."

"ఈ పేరు ఎవరిది?"

"నాది."

ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో తన పేరు తనే రాసుకున్నవాణ్ణి చూడలేదన్నాడు. నేను ఇనప ముక్క తీసి అతని చేతిలో పెట్టాను. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది వద్దని మీటింగులో అన్నది నేనొక్కణ్ణే. మిగతావాళ్ళు నన్ను ముసలాడా అన్నారు" అన్నాడు. ఇద్దరం డోనట్లు తిన్నాం. మంచివాడే, పాపం. నలభై ఒక్కటినీ కారులో వేసుకుని వెళ్ళాడు, వాటిని తన పైవాడి బల్ల మీద గుమ్మరిస్తానన్నాడు. నీ రెండో సాక్ష్యం కూడా పట్టుకెళ్ళాడు. మొదటిది నేను చించేశాను, అబద్ధమైనా చాలా బాగా రాశావు.

బోర్డు ఇవ్వలేడట. చట్టం దాటించి రేడియోలు పిండానని నేనే గోడ మీద రాసుకున్నాక ఎలా ఇస్తాడు? నేనైనా ఇవ్వను. రొవీనాకి చెప్పాను. "నోరు మూసుకుని ఉంటే నీ జాగా నీకుండేది కదయ్యా" అంది. నిజమే, ఉండేది. కానీ ఆ డెబ్భై ఒకటీ చచ్చి ఇంటికొచ్చినవి. చావకుండా ఇంకా లారీల్లో తిరుగుతున్నవి ఎన్నో నాకే తెలియదు. మూడొందలుండచ్చు. అవన్నీ ఆ కొండ మీదే తిరుగుతున్నాయి, తుఫానులు ఏప్రిల్ దాకా వస్తాయి. దానికి ఒక పని మొదలుపెట్టాను. ఏమిటో చెప్పను, నవ్వుతావు.

ఈ పెట్టెలో కొత్త రేడియో ఉంది. కంపెనీ సీలు చూసుకో, విప్పలేదు. విప్పకుండా పంపడానికి నాకు ఎంత చెయ్యి దురద పెట్టిందో ఆ దేవుడికే తెలుసు.

లోవెల్


నార్త్ ప్లాట్, నెబ్రాస్కా
మార్చి 10

ఒరేయ్ లోవెల్,

డాక్టరు నన్ను మళ్ళీ స్టీరింగ్ పట్టుకోనిచ్చాడు. బరువులెత్తకూడదు, నవ్వకూడదు అన్నాడు. రెండోది నీ ఉత్తరాలు చదివేదాన్ని, నా వల్ల అవుతుందా?

ముందు పని మాట. ముప్పై ఒకటిన నేను లారీ తీసుకుని వస్తున్నాను. నీ ట్రెయిలర్‌కి చక్రాలు ఇంకా ఉన్నాయా, బీరు డబ్బాల మీద నిలబడిందా? ఉంటే గాలి కొట్టించి ఉంచు. లారమీలో మారిసెలా షాపు వెనక చాలా జాగా ఉంది. నీ గురించి అంతా చెప్పాను. ఆమె, "పాతవి అతను చూసుకోవచ్చు. అతనికి తెలిసినంత ఎవరికీ తెలియదు. కొత్తవాటి మీద నేను గీత గీస్తాను, స్క్రూ ఆ గీత దాటితే చెయ్యి విరగ్గొడతాను" అంది. నాకు చాలా నచ్చింది. నీకు నచ్చకపోయినా వస్తున్నావు.

గోడ మాత్రం ట్రెయిలర్‌తో పాటే తీసుకురా. దాన్ని పీకెయ్యకు.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు చెప్పనన్న పని నాకు తెలిసింది. ఇవాళ మధ్యాహ్నం ఓగలాలా మీదుగానే వచ్చాను. సరుకు ఆలస్యమైంది, ఆగడానికి వీల్లేకపోయింది. రేడియో పెట్టి ఉంది. ఛానెల్ పంతొమ్మిదిలో నీ గొంతు వినబడింది.

"ఇది ఓగలాలా డాక్టర్. అసలు పేరు లోవెల్ నొవాట్నీ. ఈ ఆరేళ్ళలో నా దగ్గర కొత్త రేడియో పిండించుకున్న వాళ్ళందరికీ చెబుతున్నాను. నేను చేసింది తప్పు. అవి తుఫానులో చచ్చిపోతాయి. వెనకవాడికి మాట అందించలేరు. మార్చి ముప్పై దాకా ఇక్కడే ఉంటాను, వచ్చి మామూలుగా చేయించుకోండి. ఊరికే చేస్తాను."

గంటకోసారి చెబుతున్నావట, పది రోజుల నుంచి. ముందు వెళుతున్నవాడెవడో చెప్పాడు.

నీ మాట పూర్తవ్వగానే మొదలెట్టారు చూడు. "డాక్టరుగారూ, పేషెంట్లందర్నీ చంపేశాక ఆస్పత్రి మూస్తున్నారా?" అన్నాడొకడు. "నా రేడియో పోయినందుకు మా ఆవిడ మీకు దణ్ణం పెట్టమంది" అన్నాడు ఇంకొకడు. నేనూ నవ్వాను, ఎముకలు పట్టేశాయి. తర్వాత ఒకడు, కుర్ర గొంతు కాదు, పెద్దవాడే, నవ్వకుండా అడిగాడు. "నా రేడియోని పాడు చేసింది నువ్వేనంటున్నావు. మళ్ళీ తెచ్చి నీ చేతికే ఎలా ఇమ్మంటావయ్యా?"

నువ్వు మైకు ముందు ఎలా కూర్చుని ఉంటావో నాకు తెలుసు.

మైకు తీశాను. "ఇది పులిసినపిండి" అన్నాను. "ఎల్క్ మౌంటెన్ మీద గుంటలో పడ్డది నేనే. ఆ రేడియో వీడు పిండిందే. వీడు నా తమ్ముడు. ఎవరూ అడక్కుండా తన తప్పు తనే విప్పి చూసుకున్న మెకానిక్ ఈ రోడ్డు మీద వీడొక్కడే ఉన్నాడు. నా రేడియో ఇక ముందు కూడా వీడి చేతికే ఇస్తాను. మీరూ ఇవ్వండి, లేకపోతే నా వెనక రాకండి."

ఆ పెద్దాయన, "సరే, రేపు పొద్దున్న వస్తాను" అన్నాడు. నేను అప్పటికే ఓగలాలా దాటి చాలా దూరం వచ్చేశాను. నువ్వు విన్నావో లేదో తెలియదు. వినకపోతే ఈ కాగితం దాచుకో. విని ఉంటే ఇప్పుడే చించెయ్, ఇలాంటివి నేను రెండోసారి చెప్పను.

నీ అక్క
ఆర్డిత్